‘గారు’ తీసేస్తే తటస్థం అయిపోతుందా?

బుడమేరు వాగు వరద గురించి విజయవాడలో ఎవరిని కదిపినా రెండు మాటల్లో ఒకటి వినిపిస్తుంది. ‘చెప్పాపెట్టకుండా బుడమేరు మీదున్న వెలగలేరు గేట్లు ఎత్తేశారు, అందుకే మునిగాం’ అన్నది ఒకటి. ‘ఏళ్ల తరబడి గట్లను గాలికొదిలేశారు, గండ్లు పడక ఏమవుతాయి’ అన్నది రెండోది. ఎవరు ఏ మాట అంటారో వాళ్లు ఏ గుర్తుకు ఓటేశారన్న దాన్నిబట్టి చాలావరకు ముందే చెప్పేయొచ్చు. టీకొట్టు దగ్గర ఇందులో తప్పేమీ లేదు. ఇవే మాటలు వికీపీడియా వ్యాసంలోకి ఎక్కినప్పుడే పేచీ మొదలవుతుంది. ఒకరు రాస్తారు, ఇంకొకరు రద్దు చేస్తారు, మొదటాయన మళ్లీ పెడతాడు. ఇలా లాక్కోవడం ముదరకూడదనే ఇంగ్లీషు వికీపీడియాలో 24 గంటల్లో ఒకే పేజీలో మూడుసార్లకు మించి ఎదుటివారి మార్పులు రద్దు చేయకూడదని నియమం పెట్టుకున్నారు.

తటస్థ దృక్కోణం అనే సూత్రం 2001లో వికీపీడియా పుట్టిన తొలిరోజుల నుంచీ ఉంది. 2003 డిసెంబరులో మొదలై, 2014లో మన విజయవాడలోనే దశాబ్ది ఉత్సవాలు జరుపుకున్న తెలుగు వికీపీడియాకూ (తెవికీ) అదే మూలస్తంభం. కొత్తగా రాయడానికి వచ్చినవాళ్లు దీన్ని గోడమీద పిల్లివాటం అనుకుంటారు. ఎటూ తేల్చకుండా, ఎవరినీ నొప్పించకుండా రాయమంటున్నారని చిరాకు పడతారు. ఆ సూత్రం అభిప్రాయాన్ని దాచమని చెప్పదు. అది ఎవరిదో చెప్పమంటుంది, అంతే.

వరదనే తీసుకుందాం. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కుండపోత కురిసింది. బుడమేరు గట్టుకు గండ్లు పడ్డాయి. సింగ్ నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్ వెయిట్లను, అంటే గేటు బరువును సరితూచే దిమ్మలను, ఢీకొన్నాయి. ఈ వాక్యాలకు మూలం ఉంటే చాలు, వెనక ఎవరూ నిలబడక్కర్లేదు. ‘నిర్లక్ష్యం’ అనగానే లెక్క మారుతుంది. అది తీర్పు, తీర్పు చెప్పినవారి పేరు పక్కనే ఉండాలి. ‘పడవల కుట్ర’, అంటే ఆ పడవలను కావాలనే వదిలారన్న మాట, కూడా అంతే. పోలీసులు కేసు పెట్టారు, అరెస్టులు చేశారు అన్నది జరిగిన సంగతి. కుట్ర అన్నది ఒక పక్షం ఆరోపణ, కాదన్నది రెండో పక్షం జవాబు. రెండూ వ్యాసంలో ఉండొచ్చు, వాటి వాటి యజమానులతో కలిసి. ‘అని పలువురి అభిప్రాయం’ అంటే మాత్రం కుదరదు. ఆ పలువురు ఎవరో అడిగితే తరచూ రాసినాయన ఒక్కడే తేలతాడు.

ఇంతవరకూ ఏ భాషలో రాసేవాళ్లకైనా వర్తించేదే. తెలుగులో రాసేవాళ్ల చిక్కు ఇక్కడితో ఆగదు.

మన పత్రికా భాషను ఒకసారి గమనించండి. నచ్చిన నాయకుడు ‘వెల్లడిస్తాడు’, ‘స్పష్టం చేస్తాడు’, ‘కుండబద్దలు కొడతాడు’. నచ్చనివాడు ‘బుకాయిస్తాడు’, ‘ఎదురుదాడికి దిగుతాడు’, ‘అక్కసు వెళ్లగక్కుతాడు’. ఇద్దరూ చేసింది మైకు ముందు మాట్లాడటమే. ఒకే సభ ఒక పేపర్లో జనసంద్రం, ఇంకో పేపర్లో వెలవెల. తెవికీలో రాసేవారికి మూలాలుగా దొరికేవి చాలావరకు ఇవే. అందుకే ‘మూలం ఇచ్చాను కదా’ అనడంతో పని అయిపోదు. మూలంలోంచి సంగతి తీసుకోవాలి, క్రియ అక్కడే వదిలేసి రావాలి. ‘అన్నారు’ అనే పాత మాటకు మించింది నాకింతవరకూ కనబడలేదు.

రాజధాని వ్యవహారం ఇంకో ముల్లు. అమరావతి కోసం 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా తీసుకున్నది ప్రధానంగా భూసమీకరణలో, అంటే 2014 నాటి సీఆర్డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) చట్టం కింద, భూమి ఇచ్చినవారికి అభివృద్ధి చేసిన స్థలాలు తిరిగి ఇచ్చే పద్ధతిలో. 2013 నాటి కేంద్ర చట్టం కింద పరిహారం ఇచ్చి తీసుకునే భూసేకరణ వేరు. ఈ రెంటినీ కలిపేసి ‘భూసేకరణ’ అని రాస్తే అది పక్షపాతం కూడా కాదు, ఉత్త తప్పు. ఆ తప్పు దిద్దాక ‘రైతులు స్వచ్ఛందంగా ఇచ్చారు’ అన్న వాక్యం మిగులుతుంది. అందులో ‘స్వచ్ఛందంగా’ అనేది ఎవరి మాట? చట్టంలో పద్ధతి అదే అనొచ్చు. కానీ ఇవ్వడానికి ఒప్పుకోక కోర్టుకెక్కినవారూ ఉన్నారు. ఆ ఒక్క మాట ఉంచాలా తీయాలా అన్నదానికి వ్యాసానికి జతగా ఉండే చర్చ పేజీలో గజం పొడవు వాదన నడిచినా నేను ఆశ్చర్యపోను. నడవాలి కూడా. సొంత అభిప్రాయం ఎంత గట్టిగానైనా వినిపించడానికి చర్చ పేజీ ఉంది, తెవికీలో అందరూ కలిసి మాట్లాడుకునే రచ్చబండ ఉంది.

చెరిసగం పంచితే తటస్థం అనుకోవడం మరో భ్రమ. ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. కాదనేవాడు ఒకడు వచ్చినంత మాత్రాన వాడికి ఒక పేరా ఇవ్వనక్కర్లేదు.

నన్నడిగితే, తెలుగు వ్యాసాలను ద్వేషం కన్నా ప్రేమే ఎక్కువ పాడుచేస్తుంది. తిట్టు అయితే ఎవరో ఒకరు గంటలో తీసేస్తారు. పొగడ్త ఏళ్ల తరబడి కదలదు. సొంతూరి గురించి రాస్తే అక్కడి గుడి ‘సుప్రసిద్ధం’, అక్కడ పుట్టిన ప్రతివాడూ ‘ప్రముఖ’. గుంటూరు మిర్చి యార్డు ‘ఆసియాలోనే అతి పెద్దది’ అని కళ్లు మూసుకుని రాసేస్తాం. ఎన్ని బస్తాలు, ఏ సంవత్సరం, ఎవరి లెక్క అని అడగబుద్ధి కాదు. అడిగినవాడు ఊరికి ద్రోహి అవుతాడు మరి. వంగవీటి రంగా గురించి రాయాలంటే ‘1985లో శాసనసభకు ఎన్నికై, 1988 డిసెంబరు 26న నిరాహారదీక్ష శిబిరంలో హత్యకు గురైన కాంగ్రెస్ నాయకుడు’ అన్నది నిలబడుతుంది. ‘పేదల పెన్నిధి’ అని అభిమానులు అంటారు. ప్రత్యర్థుల మాట వేరే. విజ్ఞానసర్వస్వం ఈ రెంటినీ తన గొంతుతో పలకకూడదు.

చావు కబురు దగ్గర కూడా ఇదే అవస్థ. పరమపదించారు, శివైక్యం చెందారు, ప్రభువు నందు నిద్రించారు, అమరులయ్యారు. ఒక్కో క్రియకూ ఒక మతమో జెండానో ఉంది. ‘మరణించాడు’ అంటే ఇంట్లోవాళ్లకు మొరటుగా వినిపిస్తుంది, కానీ ఏ మతానికీ చెందని మాట అదే.

ఇక గౌరవ వాచకాలు. తెవికీ శైలిలో శ్రీ, గారు వాడరు. ‘జన్మించాడు’ అన్న ఏకవచనమే ఎక్కువ కనబడుతుంది. తాతగారి గురించి భక్తిగా రాసినాయన మర్నాడు వచ్చి చూసుకునేసరికి ‘గారు’లన్నీ ఎగిరిపోయి ఉంటాయి. అవమానం అనిపిస్తుంది, మళ్లీ రాడు. తీసేయడం సబబే, కాకపోతే ఎందుకు తీశామో చర్చ పేజీలో రెండు వాక్యాలు రాయడానికి ఎంతసేపు పడుతుంది?

అసలు ఈ ఏకవచన నియమమే నిజంగా సమానమా అని నాకు అనుమానం. గుంటూరులో శారదానికేతనం అనే స్త్రీల విద్యాసంస్థ గురించి రాస్తూ ‘ఉన్నవ లక్ష్మీనారాయణ స్థాపించాడు’ అంటే చెవి సర్దుకుంటుంది. ఆయన భార్య గురించి ‘ఉన్నవ లక్ష్మీబాయమ్మ స్థాపించింది’ అంటే అంత తేలిగ్గా సర్దుకోదు. తెలుగులో స్త్రీకి ఏకవచనం, బస్సుకూ బల్లికీ వాడే ఏకవచనం ఒకటే కాబట్టి. బహువచనంలోకి వస్తేనే ఆమె మగవాడితో సమానంగా మనుషుల్లో కలుస్తుంది. అంటే అందరికీ ఒకే నియమం పెట్టినా, కోత ఆడవాళ్లకే ఎక్కువ పడుతోంది.

నా ఓటు అందరికీ బహువచనానికే. మంత్రికీ ‘జన్మించారు’, దొంగనోట్ల కేసు నిందితుడికీ ‘జన్మించారు’. హంతకుడికి కూడా ‘రు’ ఏమిటని రచ్చబండలో ఎవరో ఒకరు లేస్తారు. అది మర్యాద కోసం పెట్టింది కాదని వాళ్లను ఒప్పించడం తేలిక కాదు. పైగా లక్షకు పైగా వ్యాసాల్లో క్రియలు మార్చాలి. వాటంతటవే మార్పులు చేసే బాటు ప్రోగ్రాముకు అప్పజెబితే పిల్లి గారు కూడా పాలు తాగేశారని రాసి పెడుతుంది.