సైనిక రహస్యం, చరిత్రకారిణి, ప్రేమ: ఈ కథ మన నేలకు పరాయిది కాదు

కొన్ని వారాలుగా పుస్తకాలు చదివేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. ప్రేమకు సస్పెన్స్ కలిపి, మధ్యలో ఒక సైనిక రహస్యాన్ని, దాన్ని తవ్వే ఒక చరిత్రకారిణిని పెట్టి రాసే నవలల మీద అది. అందులోని మాటలు ఇవి. అలాంటి కథ ఢిల్లీలోనో బార్డర్‌లోనో నడవాలి, నల్లగొండ, పాలమూరుల్లో ఏముంది? ఎప్పటివో పాత కాగితాల కోసం ఎవరు ఎవరిని వెంటాడతారు? చరిత్ర చదివినవాళ్లకు మిలిటరీ విషయాలతో పనేంటి? ప్రేమ వచ్చిందంటే సస్పెన్స్ చచ్చినట్టే. చివరికి, ఇవి ఆడవాళ్ల టైంపాస్, చదివితే చరిత్ర తప్పుగా తలకెక్కుతుంది.

నేను నల్లగొండలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్తాను. ఈ నవలలంటే నాకు ఇష్టం. ఇందులో ఒక్క మాటను కూడా ఊరికే వదిలేయాలని లేదు.

"ఇక్కడ ఏముంది" అన్నదే ముందు తీసుకుంటాను, ఎక్కువ నొప్పించింది అదే కాబట్టి. 1948 సెప్టెంబర్ 13 పొద్దున నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ రాజ్యాన్ని దేశంలో కలపడానికి బయలుదేరిన భారత సైన్యం తూర్పు వైపు నుంచి కోదాడకు చేరింది. నిజాం సైన్యపు సాయుధ కార్లు ఎదురు నిలిచినా ఆగకుండా అదే రోజు మునగాల దాకా వచ్చింది. మర్నాడు సూర్యాపేట మీద విమానాలు బాంబులు వేశాయి. వెనక్కి తగ్గుతున్న నిజాం సైన్యం మూసీ మీది వంతెనను పేల్చేసింది, కానీ దానికి కాపలాగా కాల్పులు జరిపేవాళ్లు లేక భారత సైన్యం త్వరగానే బాగుచేసుకుంది. ఆ తర్వాత నార్కట్‌పల్లి దగ్గర రజాకార్లతో పోరు. ఇదంతా మనం బస్సులో కునుకు తీస్తూ దాటిపోయే విజయవాడ రోడ్డు మీద జరిగింది. మా నాయనమ్మను పెళ్లి ఎప్పుడయిందని అడిగితే తేదీ చెప్పేది కాదు, "మిలిటరీ రాకముందు ఎండకాలం" అనేది.

దానికి కొన్ని నెలల ముందు సంగతి ఇంకా విచిత్రం. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో నిజాం కోసం దొంగచాటుగా ఆయుధాలు తెచ్చాడు. ఆయనే రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీ మీద విమానం నడుపుతూ రహస్యంగా ఫొటోలు తీసిన మనిషి. ఈ పాత్రను ఎవరైనా రచయిత్రి కల్పించి రాస్తే ఆ మెసేజ్ పంపినవాళ్లే నమ్మశక్యంగా లేదంటారు.

"ఇక్కడ ఏముంది" అని అడగడం కూడా కొత్త కాదు. నైజాంలో తెలుగు కవులే లేరని ఒకరు రాసినప్పుడు, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులను ఒక్కచోట చేర్చి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. పేర్లు, పద్యాలు ముందు పెట్టి ఇచ్చిన జవాబు అది.

పాత కాగితాలకు విలువ లేదన్న మాటకు వస్తాను. పోలీస్ యాక్షన్ (పైన చెప్పిన 1948 సైనిక చర్యకు ఆ పేరే) తర్వాత జరిగిన హింసను చూసి రమ్మని కేంద్రం పండిట్ సుందర్‌లాల్ కమిటీని పంపింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు ప్రచురించలేదు. 1962 చైనా యుద్ధంలో ఓటమి మీద రాసిన హెండర్సన్ బ్రూక్స్ నివేదిక 60 ఏళ్లు దాటినా ప్రభుత్వం పూర్తిగా బయటపెట్టలేదు. రక్షణ శాఖ 2021లో తెచ్చిన విధానం ప్రకారం యుద్ధ రికార్డులను మామూలుగా 25 ఏళ్లలో బహిరంగం చేయాలి. అంటే పాతికేళ్ల వరకు దాపరికం ఉంటుందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. కాగితం పాతబడినా అందులో ఉన్న పేర్ల తాలూకు మనుషులు, వాళ్ల పిల్లలు, వాళ్ల భూములు ఇంకా ఉంటాయి. మన ఊళ్లలో భూమి ఎవరిదో రాసిన 1954–55 ఖాస్రా పహాణీ కోసం ఇప్పటికీ కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లు ఉన్నారు. పాత కాగితం ఎంత టెన్షన్ పెడుతుందో వాళ్లను అడగండి.

చరిత్రకారులకు మిలిటరీతో పనేంటి అంటే, గడువు తీరిన రహస్యం చివరికి చేరేది వాళ్ల దగ్గరికే కదా.

ఇక్కడ ఆ మెసేజ్ రాసినవాళ్లతో ఒక విషయంలో నేనూ ఏకీభవిస్తాను. చాలా నవలల్లో నాయిక అటక మీద పెట్టె తెరుస్తుంది, గంటలో రహస్యం దొరుకుతుంది. అది తప్పు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్తే ముందు జాబితాలు చూడాలి, చీటీ రాసివ్వాలి, ఫైలు వచ్చేదాకా కూర్చోవాలి. వచ్చింది ఉర్దూలో ఉంటుంది, అదీ గొలుసుకట్టు రాతలో. తేదీ ఫసలీలో, అంటే నిజాం సర్కారు వాడిన పాత సంవత్సరాల లెక్కలో ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని నేర్పుతాం, కానీ ఇక్కడ ఫసలీ సంవత్సరం అక్టోబర్లో మొదలయ్యేది. ఆ సంగతి మరిస్తే లెక్క ఒక ఏడాది తప్పుతుంది. 1357 ఫసలీ చివరి రోజుల కాగితాన్ని, నిజానికి 1948 నాటిదాన్ని, 1947 అనుకున్న చరిత్రకారిణి, సైన్యం రాకముందే ఒక మనిషికి రాక సంగతి తెలిసిపోయిందని అపోహ పడుతుంది. ప్రేమించిన మనిషి తాతనే ద్రోహి అనుకుంటుంది. చూడండి, నిజమైన ఆర్కైవ్స్ పనిలోనే ఎంత సస్పెన్స్ ఉందో! రచయితలు ఆ కష్టాన్ని దాటేయకూడదు. అడగాల్సింది అది. అంతేగానీ కథే వద్దనడం సరికాదు.

ప్రేమ వస్తే సస్పెన్స్ పోతుందన్నది నాకు అస్సలు మింగుడు పడలేదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. అందులో ఐదో సెక్షన్ ప్రకారం రహస్యం చెప్పినవాడే కాదు, రహస్యమని తెలిసి దాన్ని తీసుకున్నవాళ్లు కూడా నేరస్తులే. ఇప్పుడు ఒక సైనికాధికారిని, అతను ప్రేమించిన చరిత్రకారిణిని ఊహించుకోండి. ఆమె అడుగుతుంది. అతను మాట్లాడడు. ఆమెకు ఆ మౌనం అబద్ధంలా కనపడుతుంది. అతనికేమో నోరు తెరిస్తే ఆమెను జైలు దాకా తీసుకుపోయినట్టవుతుంది. అతని మీద నమ్మకం ఉండాలా, కాగితం మీద ఉండాలా అన్నది తేలేదాకా పాఠకుడు పుస్తకం కింద పెట్టలేడు. ఇందులోంచి ప్రేమను తీసేస్తే మిగిలేది ఒక ఫైలు నంబరు.

ఇక ఆడవాళ్ల టైంపాస్ అన్న మాట. వంటిల్లు సర్దుకుని రాత్రి పదకొండు గంటలకు పుస్తకం తెరిచే మనిషి చదువును అలా తీసిపారేయడం తప్పు. అది గట్టిగానే చెప్తున్నాను.

కథలు చదివితే చరిత్ర చెడిపోతుందా? సురవరం వారు ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసింది కావ్యాలను, కథలను వెతికి వెతికి. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అన్నవి ఆయన వాటిలోంచే తీశారు. తెలుగులో మొదటి సాహిత్య అకాడెమీ అవార్డు దానికే వచ్చింది. కల్పనను ఎలా చదవాలో తెలిస్తే అదీ ఆధారమే.

పోయిన ఏడు మా రెండో సంవత్సరం అమ్మాయి ఒకామె ఇలాంటి నవల చదివి వచ్చింది. అది వేరే దేశంలో జరిగిన కథ. "మేడం, మన దగ్గర గిట్లాంటి కాగితాలు ఏడ ఉంటయి?" అని అడిగింది. తార్నాక అడ్రసు రాసిచ్చాను. ఉర్దూ రాదు కదా అంటే, నేర్చుకుంటానంది. ఇప్పుడు ప్రతి ఆదివారం వాళ్ల గల్లీలోని ఒక పెద్దాయన దగ్గర అలిఫ్, బే దిద్దుతోంది.