వంద డాలర్ల కొండచిలువ: ఆ ఫార్వర్డ్‌లో నిజమెంత?

అమెరికా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "పిల్లలు కుక్క కావాలని పేచీ పెడుతున్నారా? బాల్ పైథాన్ కొనివ్వండి. పది గ్యాలన్ల గాజు ట్యాంకు, ఒక హీట్ రాక్, నెలకో బతికున్న ఎలుక, అంతే. ట్యాంకును బట్టే పెరుగుతుంది, ఐదారేళ్ళు బతుకుతుంది. మొత్తం వంద డాలర్లలో అయిపోతుంది. విదేశీ జాతి కాబట్టి ఇండియాలో కూడా ఏ పర్మిషనూ అక్కర్లేదు."

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. మొదటిసారి పాము పెంచాలనుకునేవాళ్ళకి బాల్ పైథాన్ అనే ఈ ఆఫ్రికా కొండచిలువ మంచి ఎంపికే. విషం ఉండదు, నెమ్మదిగా ఉంటుంది, భయమేస్తే కరవడం కన్నా తల లోపల దాచుకుని ముడుచుకుపోవడమే ఎక్కువ. మిగతా మెసేజ్‌ని నమ్మి కొంటే మాత్రం పాముకి నరకం, మీకు టెన్షన్.

"ట్యాంకును బట్టే పెరుగుతుంది." పెరగదు. అక్వేరియం చేపల గురించి చెప్పుకునే పాత అపోహనే ఇక్కడ పాముకి అంటగట్టారు. తిండి, వయసు, ఆడా మగా అన్నదాన్ని బట్టి అది పెరుగుతుంది. మగది మూడు, మూడున్నర అడుగుల దగ్గర ఆగుతుంది, ఆడది నాలుగైదు అడుగులకి వెళ్తుంది. పది గ్యాలన్ల ట్యాంకు అంటే 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు. పెద్ద పాము అందులో ఒళ్ళు చాచుకోవడానికి కూడా చోటుండదు. ఎదిగినదానికి కనీసం 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు కావాలి.

దీనికి ఎదురుగా ఇంకో వాదన వినిపిస్తుంది: "పెద్ద పెట్టెలో పెడితే బెదిరి తిండి మానేస్తుంది" అని. అందులో సగం నిజముంది, కానీ బెదిరేది ఖాళీని చూసి. పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డిమైదానాల్లో ఈ పాము పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో నక్కి ఉంటుంది. ఒకరు కట్టిన పుట్టలో ఇంకొకరు చేరడమంటే ఇదే. నాలుగు గోడల మధ్య ఒక నీళ్ళ గిన్నె పెట్టి వదిలేస్తే ఎక్కడ దాక్కోవాలో దానికి తెలియదు. వెచ్చటి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి, ఇరుగ్గా ఒంటికి తగిలేలా రెండు గూళ్ళు పెట్టండి. మధ్యలో ఆకులూ కొమ్మలూ నింపండి. అప్పుడు పిల్లపాము కూడా పెద్ద పెట్టెలో హాయిగా ఉంటుంది. గూడు ఒక్కటే పెడితే వెచ్చదనమా, భద్రతా అన్నది అది తేల్చుకోవాల్సి వస్తుంది. చాలా పాములు భద్రతకే మొగ్గుచూపి చలిలో ఉండిపోతాయి, తిన్నది అరగదు.

"ఒక హీట్ రాక్ చాలు." మెసేజ్ మొత్తంలో ప్రమాదకరమైన మాట ఇదే. హీట్ రాక్ అంటే లోపల కరెంటు తీగ పెట్టిన కృత్రిమ రాయి. పైన ఒకచోట గోరువెచ్చగా, పక్కనే కాలిపోయేంత వేడిగా ఉంటుంది. చుట్టూ చల్లగా ఉంటే పాము ఆ రాయినే చుట్టుకుని పడుకుంటుంది, కింద పొట్ట పొలుసులు కాలుతున్నా లేచి పోదు. రాయికి బదులు అడుగున హీట్ మ్యాట్ పెట్టినా, పైన బల్బు పెట్టినా, థర్మోస్టాట్ (వేడి హద్దు దాటకుండా చూసే పరికరం) లేకుండా పెడితే అదే కథ.

కావలసింది పెట్టెలో ఒక చివర సుమారు 32 డిగ్రీల సెల్సియస్, అంటే 90 ఫారెన్‌హీట్, రెండో చివర 25, 26 డిగ్రీలు. ఎక్కడుండాలో పామే చూసుకుంటుంది. ఈ తేడాని నిలబెట్టేది థర్మోస్టాట్. బడ్జెట్ తక్కువైతే అలంకరణ తగ్గించుకోండి, థర్మోస్టాట్‌ని మాత్రం మానకండి. షాపులో గాజుకి అతికించి అమ్మే గుండ్రటి ముల్లు మీటర్లని నమ్మొద్దు. తీగ చివర సెన్సర్ ఉన్న డిజిటల్ మీటర్లు రెండు కొని, ఒక్కో చివర ఒకటి పెట్టండి. రాత్రి ఎర్ర బల్బు పాముకి కనపడదంటారు, అదీ నమ్మొద్దు. రాత్రి వేడి కావాలంటే వెలుగు రాని సిరామిక్ హీటర్ వాడతారు, దానికీ థర్మోస్టాట్ ఉండాల్సిందే. బల్బైనా హీటరైనా పాముకి అందకుండా జాలీ బయటే ఉండాలి.

తేమ గురించి ఫార్వర్డ్‌లో ఒక్క ముక్కా లేదు. బాల్ పైథాన్‌కి 60 శాతం, ఆ పైన కావాలి. చలికాలంలో ఇంట్లో హీటర్ నడిచే రోజుల్లో పైన జాలీ మూత ఉన్న గాజు ట్యాంకులో అది నిలవదు. అడుగున కొబ్బరి పొట్టు మందంగా వేసి తడుపుతూ, జాలీలో ఎక్కువ భాగాన్ని మూసేస్తే నిలుస్తుంది. దేవదారు, పైన్ చెక్క పొట్టు వద్దు, వాటి వాసన నూనెలు పాముకి పడవు. తేమ సరిపోయిందో లేదో కుబుసం చెప్పేస్తుంది. బాగుంటే మూతి దగ్గర మొదలై, లోపలి వైపు బయటికి తిరిగి, కళ్ళ మీది పారదర్శకమైన పొరలతో సహా ఒకే ముక్కగా వస్తుంది. ముక్కలు ముక్కలుగా ఊడి, కంటి మీద పొర మిగిలిపోతే గోటితో లాగకండి. తేమ పెంచండి, అప్పటికీ పోకపోతే పాముల్ని చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

"నెలకో బతికున్న ఎలుక." ఎదిగిన పాముకి నెలకి ఒకటి రెండుసార్లు పెట్టడం మామూలే, కాబట్టి లెక్కలో పెద్ద తప్పు లేదు. పిల్లపాముకి మాత్రం వారానికోసారి కావాలి. తప్పంతా "బతికున్న" అన్నచోట ఉంది. ఆకలి లేని పాముతో పెట్టెలో చిక్కుకున్న ఎలుక ఊరుకోదు, పాము వీపు కొరికేస్తుంది. గడ్డకట్టించి అమ్మే ఎలుకని రాత్రి ఫ్రిజ్‌లో కరగబెట్టి, తర్వాత సంచీలో వేసి వేడినీళ్ళలో ఉంచి, పొడవాటి పట్టకారుతో అందిస్తే సరి. మైక్రోవేవ్ వద్దు. ఇక్కడ మన ఇళ్ళలో అసలు చర్చ మొదలవుతుంది: ఫ్రీజర్‌లో ములక్కాడ ముక్కల పక్కన ఎలుకలా? అమ్మమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు ఏం చెబుతారు? శాకాహారుల ఇల్లైతే ఇది పాము కొనక ముందే తేల్చుకోవాల్సిన విషయం. గరాజ్‌లో చిన్న ఫ్రీజర్ వేరే పెట్టుకోవడం మేలు. పాలు పోస్తే సరిపోతుందని ఎవరైనా అంటే, నాగుల చవితి వేరు, జీర్ణవ్యవస్థ వేరు అని చెప్పండి. పామునో పెట్టెనో ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సాల్మొనెల్లా బ్యాక్టీరియా సోకవచ్చు కాబట్టి ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో ఇది సరైన పెంపుడు జంతువు కాదు.

తిండి మానేయడం ఈ జాతికి అలవాటు. ఎదిగినది కొన్ని నెలలు ముట్టకపోవచ్చు. ముందు ఉష్ణోగ్రతలు చూడండి, తూకం వేస్తూ ఉండండి. బరువు నిలకడగా ఉంటే కంగారు అక్కర్లేదు.

"ఐదారేళ్ళు బతుకుతుంది." ఇరవై, ముప్పై ఏళ్ళు. సెయింట్ లూయిస్ జూకి 1961లో వచ్చిన ఒక ఆడ బాల్ పైథాన్ 2020లో గుడ్లు పెట్టింది, అప్పటికి దాని వయసు అరవై దాటిందని అంచనా. ఏడో తరగతి పిల్లాడికి కొనిస్తున్నామనుకుంటాం. వాడు కాలేజీకి వెళ్ళిపోయాక ఎలుకని కరిగించేది అమ్మే.

"వంద డాలర్లు" అన్నది పాము ధర వరకే. పెట్టె, థర్మోస్టాట్, హీటర్, మీటర్లు కలిపితే దానికి నాలుగైదు రెట్లవుతుంది. ముందు ఇల్లు సిద్ధం చేసి, ఖాళీగానే వారం నడిపి అంకెలు నిలకడగా ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడు పాముని తెచ్చుకోండి. తెచ్చుకునేటప్పుడు రంగుల మోజులో పడొద్దు. స్పైడర్ అనే రకం చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆ జన్యువుతో పాటే తల ఊగిపోయే లోపమూ వస్తుంది. ఇక్కడే పెంపకంలో పుట్టినదా, ఘనా, టోగో, బెనిన్ నుంచి దిగుమతైనదా అని అడగండి. మీ ముందు తినిపించమనండి. గడ్డం కింద, కళ్ళ చుట్టూ నల్లటి చుక్కల్లాంటి పురుగులున్నాయేమో, ఊపిరిలో ఈల వస్తోందేమో చూడండి. అన్నట్టు అపార్ట్‌మెంట్ లీజు కూడా చదవండి, హవాయిలో అయితే పాము పెంచడమే నేరం.

చివరిది, "ఇండియాలో పర్మిషన్ అక్కర్లేదు." ఈ మాట నమ్మినవాళ్ళు కేసుల్లో ఇరుక్కుంటారు. మన దేశవాళీ కొండచిలువ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం. బాల్ పైథాన్ విదేశీ జాతే గానీ, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2022లో ఆ చట్టాన్ని సవరించాక అలాంటి జంతువుల పెంపకమూ దాని కిందికి వచ్చింది. 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో రిజిస్టర్ చేయించాలి, చేతులు మారినా తెలపాలి. బ్యాంకాక్ నుంచి సూట్‌కేసుల్లో తెచ్చిన బాల్ పైథాన్లని చెన్నై ఎయిర్‌పోర్టులో కస్టమ్స్‌వాళ్ళు ఎన్నోసార్లు పట్టుకున్నారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎవరైనా కాగితాలు లేకుండా "పిల్ల ఉంది, డబ్బాలో పెట్టిస్తా" అంటే, అది ఏ దారిన వచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.