సిమెంటు రాకముందు మన ఇళ్లన్నీ చల్లగా ఉండేవా?

ఏటా ఎండలు ముదరగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తిరుగుతుంది. పైన మండువా లోగిలి ఫొటో, కింద గాజు టవర్ ఫొటో. మాటలు ఒక్కోసారి ఒక్కోలా ఉన్నా చెప్పేది ఒకటే. తాతల కాలంలో ఇళ్లు ఏసీ లేకుండానే చల్లగా ఉండేవట. సిమెంటు వచ్చి ఇంటిని కొలిమి చేసిందట. మోడరన్ ఆర్కిటెక్చర్ చలిదేశాల సరుకు కాబట్టి దానికి మన ఎండ సంగతి తెలియదట. గాజు బిల్డింగుల్లో కనీసం వెలుతురు బాగా వస్తుంది, లైట్ల ఖర్చు తగ్గుతుందట. సిటీ ఫ్లాట్లలో ఉండేవాళ్లకి మాత్రం ఏసీ తప్ప వేరే దిక్కు లేదట.

ఆ కింది ఫొటోలో టవర్ మీద నాకూ కోపమే. అయితే రోగం ఒకటైతే మందు ఇంకోటి వేసినట్టుంది ఈ పోస్టు. దీన్ని నమ్మి ఇల్లు కట్టుకునేవాళ్లు పైకప్పు సంగతి వదిలేసి, పాత ఇళ్లు పడగొట్టేచోట చెక్క స్తంభాలు కొనుక్కొచ్చి వరండాలో నిలబెడుతున్నారు. ఫొటోలకి బాగుంటాయి. గది వేడి మాత్రం ఒక్క డిగ్రీ కూడా తగ్గదు.

"పాత ఇళ్లన్నీ చల్లగా ఉండేవి"

ఫొటోలో ఉన్నది మండువా. గోదావరి జిల్లాల్లో ఒక ఊరు తీసుకుంటే అలాంటివి ఎన్ని ఉండేవి? మిగతా ఊరంతా తాటాకు ఇళ్లు, చుట్టిళ్లు. సీమలో, తెలంగాణలో మట్టి మిద్దెలు. కలిగినవాళ్లు మంచి కలప పెట్టి కట్టుకున్నవి నిలబడ్డాయి, మిగతావి కూలిపోయాయి. నిలిచినవాటిని చూసి ఊరు మొత్తం అలాగే ఉండేదనుకుంటున్నాం.

తాటాకు కప్పు చల్లగా ఉంటుంది, కాదనను. కానీ వేసవిలో ఒక నిప్పురవ్వ పడితే వరసకి వరసే కాలిపోయేది. 1977 దివిసీమ ఉప్పెనకి పూరిళ్లు నిలవలేదు. తీరంలో పేదవాళ్లు డాబా ఇల్లు కావాలనుకున్నది ఫ్యాషన్ కోసం కాదు, ప్రాణం కోసం.

ఇక మండువా. నడిమి ఖాళీలోంచి వేడిగాలి పైకి పోతుంది, పెంకు కప్పు ఎత్తుగా ఉంటుంది, చుట్టూ వసారా గోడల మీద ఎండ పడనివ్వదు. ఇదంతా నిజంగా పనిచేసే ఏర్పాటే. కానీ వెలుతురు సంగతి చూడండి. లోపలి గదుల్లో పట్టపగలు కూడా దీపం పెట్టుకోవాల్సి వచ్చేది. వంటింట్లో పొగ. ఆ ఇల్లు ఎంత హాయిగా ఉండేదో వర్ణించేవాళ్లలో ఎక్కువమంది వసారాలో పడక్కుర్చీ వేసుకున్నవాళ్లు. కట్టెల పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మమ్మలని అడిగితే కథ వేరేలా ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది. "తాతల ఇల్లు" అనే ఇల్లు ఒక్కటి లేదు, ఎందుకంటే మన ఎండ ఒక్క రకం కాదు. సీమలో, తెలంగాణలో పొడి వేడి. అక్కడ మందపాటి మట్టి గోడ మంచిది. బయటి వేడి లోపలికి చేరేసరికి సాయంత్రం అవుతుంది, ఈలోగా బయట చల్లబడుతుంది. రాత్రి ఎలాగూ మిద్దె మీద పడక. కోస్తాలో అర్ధరాత్రి కూడా ఉక్కే. అక్కడ గోడ మందం కంటే గాలి ఆడటం ముఖ్యం. తడిపిన వట్టివేళ్ల తడిక కర్నూలులో గదిని చల్లబరుస్తుంది. కాకినాడలో ఉక్క ఇంకా పెంచుతుంది. కాబట్టి "మన సంప్రదాయ ఇల్లు కట్టిస్తాం" అనేవాళ్లని ముందు అడగాల్సింది ఏ ఊరి సంప్రదాయం అని.

"సిమెంటే వేడికి కారణం"

హైదరాబాద్ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అంటే ఆ వేళ ఎండ దెబ్బ గోడల మీద కంటే కప్పు మీద ఎక్కువ. ఐదంగుళాల స్లాబు వేసి, మీద నీడ లేకుండా, తెల్ల పూతైనా లేకుండా వదిలేస్తే అది పగలంతా వేడిని తాగి రాత్రి మంచం మీదకి వదులుతుంది. పై అంతస్తులో అద్దెకున్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. తప్పు సిమెంటుది అయితే, ఇనప రేకుల షెడ్డు చల్లగా ఉండాలి కదా. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి వెళ్లి అందులో కూర్చుని చూడండి.

ఇదే సిమెంటుతో వేరేగా ఎలా కట్టచ్చో తిరువనంతపురంలో లారీ బేకర్ చేసి చూపించాడు. ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడిన ఆర్కిటెక్ట్. ఆయన పేరు చెబితే గుర్తొచ్చేది ఫిల్లర్ స్లాబు. స్లాబు కింది భాగంలో లాగుడుని తట్టుకునేది ఇనుమే, అక్కడి కాంక్రీటు చేసే పని చాలా తక్కువ. పని లేని ఆ చోట పాత మంగళూరు పెంకులు పెట్టేస్తే సిమెంటు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, పెంకుల మధ్య చిక్కిన గాలి వేడిని కొంత ఆపుతుంది. గోడకి ర్యాట్ ట్రాప్ బాండ్. ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, రెండు వరసల మధ్య బోలు వదులుతారు. ఇటుకలు దాదాపు నాలుగో వంతు మిగులుతాయి, ఆ బోలు వేడిని లోపలికి తొందరగా రానివ్వదు. దీనికి కొత్త మెటీరియల్ ఏమీ అక్కర్లేదు. ఓపిక ఉన్న మేస్త్రి దొరకాలి. అసలు కష్టం అక్కడే ఉందని కట్టించినవాళ్లు అంటారు.

తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకీ, 600 చదరపు గజాలు దాటిన స్థలాల్లో కట్టే ఇళ్లకీ ఎండని తిప్పికొట్టే కప్పు తప్పనిసరి చేసింది. అంతకంటే చిన్న ఇళ్లకి ఇది వాళ్ల ఇష్టం. ఎక్కువమంది ఉండేది ఆ చిన్న ఇళ్లలోనే మరి.

"మోడరన్ ఆర్కిటెక్చర్‌కి మన ఎండ తెలియదు"

ఈ మాటకి జవాబు పుదుచ్చేరిలో ఉంది, పేరు గోల్కొండ. అరవిందాశ్రమంలో సాధకుల వసతి కోసం 1937లో కట్టడం మొదలుపెట్టారు. దీనికి లక్ష రూపాయల విరాళం హైదరాబాద్ నుంచి, అప్పటి నిజాం దివాన్ సర్ అక్బర్ హైదరీ పూనికతో వచ్చింది. ఆ కృతజ్ఞతతోనే గోల్కొండ అని పేరు పెట్టారు. డిజైన్ చేసింది టోక్యోలో ఆఫీసు నడుపుతున్న ఆంటొనిన్ రేమండ్, పుట్టుకతో చెక్ దేశస్థుడు. దగ్గరుండి కట్టించినవాళ్లలో ఒకరు జార్జ్ నకషిమా, ఆ తర్వాత అమెరికాలో కలప సామాను తయారీకి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. మన దేశంలో బాగా తొలినాటి మోడరన్ కాంక్రీటు భవనాల్లో ఇదొకటి. అంటే పోస్టు తిట్టే లక్షణాలన్నీ ఉన్నాయి: కాంక్రీటు, విదేశీ ఆర్కిటెక్ట్, అలంకారం లేని గోడలు.

ఇక అది ఎలా పనిచేస్తుందో చూడండి. భవనం పొడవాటి ముఖాలు ఉత్తర దక్షిణాలకి. తూర్పు పడమరల వైపు ఇరుకైన కొసలు మాత్రమే, పొద్దుటి, సాయంకాలపు ఏటవాలు ఎండ పడే గోడ అంత తక్కువ. గదులు ఒకే వరసలో, వాటికి ఉత్తరం వైపు నడవా, కాబట్టి ప్రతి గదిలోనూ గాలి ఇటు నుంచి అటు పోతుంది. రెండు పొడవాటి ముఖాల మీదా గాజు కిటికీల బదులు అడ్డంగా పేర్చిన పలకలున్నాయి, చేత్తో తిప్పుకోవచ్చు. వానొస్తే వాల్చుకుంటారు, గాలి కావాలంటే తెరుచుకుంటారు, కళ్లు చెదరకుండా వెలుతురు ఎంత కావాలో అంత రానిస్తారు. ఆ పలకలు ఆస్బెస్టాస్ సిమెంటువి, ఇప్పుడైతే ఆ సరుకు వాడకూడదు. గదికీ నడవాకీ మధ్య జరిపే టేకు తలుపులు. మూసుకున్నా సందుల్లోంచి గాలి ఆడుతుంది, బయటివాళ్లకి లోపల కనపడదు. కప్పు రెండు పొరలు: కింద స్లాబు, దాని మీద వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు, మధ్యలో గాలి. డాబా మీద కొబ్బరాకుల చలువ పందిరి వేస్తే జరిగేది కూడా ఇదే. పై పొర ఎండని మోస్తుంది, కింది పొర నీడలో ఉంటుంది. ఏసీ పెట్టకుండానే ఆ ఉక్క ఊళ్లో మనుషులు అక్కడ ఉంటూ వస్తున్నారు.

ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా అయితే మనకి ఇంకా దగ్గరివాడు, 1930లో సికింద్రాబాద్‌లో పుట్టాడు. 1960ల్లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఆఫీసు కట్టినప్పుడు కప్పు మీద నీడ కోసం పందిరి లాంటి చట్రం వేశాడు. ఆయన పనుల్లో నాకు ఎక్కువ ఇష్టమైనది మాత్రం అహ్మదాబాద్‌లోని పారేఖ్ ఇల్లు, 1960ల చివరిది. స్థలం వల్ల ఇల్లు తూర్పు పడమరలకి తిరగక తప్పలేదు. అప్పుడాయన ఇంటిని పక్కపక్కన పట్టీలుగా కోశాడు. ఒక పట్టీ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, ఆకాశం వైపు తెరుచుకునేది తక్కువ, ఎండాకాలం పగటిపూట అందులో ఉంటారు. ఇంకో పట్టీ దానికి తలకిందులు, పైకి విప్పారుతుంది, చలికాలం పగళ్లు, వేసవి సాయంత్రాలు అందులో గడుపుతారు. వేళని బట్టి చోటు మార్చుకోవడం మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్న అలవాటే, పొద్దున అరుగు మీద, మధ్యాహ్నం నడవలో, రాత్రి డాబా మీద. ఆ అలవాటు చుట్టూ ఇల్లు గీసినవాడిని పట్టుకుని మన బతుకు తెలియదంటే ఎలా?

అందరూ నెగ్గారని కాదు. చండీగఢ్‌లో ఫ్రెంచి ఆర్కిటెక్ట్ లె కొర్బూజియే పెద్ద పెద్ద కాంక్రీటు ఎండ తెరలు పెట్టాడు. అవి ఎండని ఆపాయి గానీ, ఆ బరువైన కాంక్రీటు తానే వేడెక్కి పొద్దుపోయాక వదులుతుందన్న విమర్శ ఉంది. హైకోర్టులో ఎండా వానా లోపలికి వస్తుంటే తర్వాత వరండా చేర్చాల్సి వచ్చింది. ఎండని పట్టించుకుని లెక్క తప్పడం వేరు, అసలు పట్టించుకోకపోవడం వేరు. ఇప్పుడు మన చుట్టూ లేస్తున్నవాటిలో చాలామట్టుకు రెండో రకం. వాటిని మోడరన్ ఆర్కిటెక్చర్ ఖాతాలో రాయడం ఆ ఆర్కిటెక్ట్‌లకి అన్యాయం.

"గాజు వల్ల వెలుతురు, కరెంటు ఆదా"

బల్ల దగ్గర కూర్చుని చదవడానికి, రాయడానికి 300 నుంచి 500 లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) వెలుతురు చాలు. బయట నిండు ఎండలో దాదాపు లక్ష లక్స్ ఉంటుంది. కావాల్సింది అందులో ఒక్క శాతం కూడా కాదు. అలాంటప్పుడు నేల నుంచి కప్పు దాకా గాజు ఎందుకు? ఎండ గాజులోంచి లోపలికి వస్తుంది. లోపల వేడెక్కిన నేల, బల్లలు వదిలే వేడి మాత్రం అదే గాజులోంచి అంత తేలిగ్గా బయటికి పోదు. గచ్చిబౌలి వైపు మధ్యాహ్నం మూడింటికి ఏ ఆఫీసులోకైనా వెళ్లండి, పడమటి వైపు బ్లైండ్స్ దించేసి ఉంటాయి, లోపల ట్యూబ్‌లైట్లు వెలుగుతుంటాయి. వెలుతురు కోసం పెట్టిన గాజుకి గుడ్డ కప్పి, మళ్లీ లైట్లు వేసుకుంటున్నాం.

అదే ఐటీ ప్రాంతంలో 2004లో సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ మొదలైంది. పర్యావరణానికి మేలైన భవనాలకి ఇచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్‌ని అమెరికా బయట అందుకున్న తొలి భవనం అది. గుండ్రటి భవనం, నడుమ తెరిచిన ముంగిలి, జాలీ గోడలు, కప్పు మీద మొక్కలు, ఏసీలోకి వెళ్లే గాలిని ముందే కొంత చల్లబరిచే రెండు గాలి గోపురాలు. హైటెక్ సిటీ టవర్లు చాలామట్టుకు దాని తర్వాత లేచినవే. నమూనా కళ్ల ముందే ఉంది, ఎవరికీ పట్టలేదు.

"ఫ్లాట్లలో ఇవేవీ కుదరవు"

ఏసీ వద్దని నేననను. 44, 45 డిగ్రీలు దాటే రోజుల్లో ఇంట్లో పెద్దవాళ్లుంటే ఏసీ అవసరమే. అది రోజుకి రెండు గంటలు నడవాలా, పద్నాలుగు గంటలు నడవాలా అన్నది మాత్రం గోడలు, కిటికీలు తేలుస్తాయి.

ముంబైలో కొరియా కట్టిన కాంచన్‌జంగా టవర్ 1983 నాటిది, ఎత్తు దాదాపు 85 మీటర్లు. అక్కడ సముద్రపు గాలి వచ్చేది పడమటి నుంచి, సాయంత్రం ఎండా అటు నుంచే, జడివానా అటు నుంచే. పాత బంగళాలు గదుల చుట్టూ వరండా తిప్పి నెగ్గుకొచ్చేవి. కొరియా ఆ వరండాని మూలల్లో రెండంతస్తుల ఎత్తు టెర్రస్‌గా మార్చి గదుల్ని దాని వెనక్కి జరిపాడు. డబ్బున్నవాళ్ల ఫ్లాట్లు కదా అంటారా, నిజమే, మొత్తం 32 ఉన్నాయి. కానీ కిటికీకీ ఎండకీ మధ్య కొంచెం లోతు వదలడానికి కోటీశ్వరులే కానక్కర్లేదు.

మనవాళ్లు తూర్పు ఫేసింగ్ అంటే లక్షలు ఎక్కువ పోస్తారు, దక్షిణం అంటే భయపడతారు. ఎండ లెక్కలో దక్షిణపు గోడ చాలా సుళువు. వేసవిలో సూర్యుడు నెత్తి మీద ఉంటాడు కాబట్టి రెండడుగుల సజ్జా చాలు. కష్టమంతా పడమటి గోడతోనే, సాయంత్రం ఎండ వాలుగా వస్తుంది, సజ్జా దాన్ని ఆపలేదు. నిలువు పలకలో, జాలీయో, చెట్టో ఉండాలి. బ్రోషర్‌లో గుమ్మం ఏ దిక్కో పెద్ద అక్షరాల్లో ఉంటుంది, పడకగది పడమటి గోడకి నీడ ఉందో లేదో ఎక్కడా ఉండదు. ఇళ్ల గోడల్లోంచి, కిటికీల్లోంచి లోపలికొచ్చే వేడికి చదరపు మీటరుకి 15 వాట్ల పరిమితి పెడుతూ కేంద్రం 2018లో ఎకో నివాస్ సంహిత తెచ్చింది. ఫ్లాటు కొనేముందు ఆ అంకె అడిగినవాళ్లు నాకింకా తగల్లేదు.

పైగా ఉన్న నీడని మనమే పోగొట్టుకుంటాం. గృహప్రవేశం అయిన ఏడాదిలోపే బాల్కనీకి స్లైడింగ్ గాజు తలుపులు బిగించి హాల్లో కలిపేస్తాం. హాలు నాలుగడుగులు పెరుగుతుంది. నీడలో ఉన్న కిటికీ పోయి, నేరుగా ఎండ తగిలే గాజు వస్తుంది. ఉతికిన బట్టలు ఆరేయడానికి చోటుండదు. ఆ వేసవికే హాల్లోకి ఏసీ కొంటాం, దాని అవుట్‌డోర్ యూనిట్‌ని ఏ గోడకి తగిలించాలా అని వెతుక్కుంటాం.