ఓనర్ మారితె మాట మారొద్దు

ఆన్‌లైన్ గేమ్ ఒకటి ఈ కంపెనీ నుంచి ఆ కంపెనీ చేతికి పోయిందని వార్త రాంగనె ఆడే పోరగాళ్లు ఎందుకు అంత లొల్లి చేస్తరు, ఒక్క స్టార్ రేటింగులిచ్చి గేమ్‌ను ఎందుకు కింద పడేస్తరు అని మన ఇండ్లల్ల చానామందికి సమజ్ కాదు. గేమే గద, ఇది పోతె ఇంకోటి ఆడుకుంటరు, అసలు పోతెనే మంచిది జర చదువుకుంటరు అంటరు. రాత్రి రెండు గొట్టినా ఫోన్ వదలని కొడుకును చూస్తె ఏ తల్లికైనా కడుపు రగులుతది, ఆ బాధ మాకు తెల్వంది కాదు. కాని ఎంతసేపు ఆడాలె అన్నది ఒక ముచ్చట, పైసలు తీసుకొని ఒకలు ఇచ్చిన మాటను ఇంకొకలు వచ్చి తప్పితె అడిగెటోళ్లు ఎవ్వలు అన్నది వేరే ముచ్చట. మేం ఈ రెండో దాని గురించి మాట్లాడుతున్నం.

రాకెట్ లీగ్ సంగతే చూడుండ్రి. కార్లతోటి ఫుట్‌బాల్ ఆడే గేమ్, సయోనిక్స్ అనే స్టూడియో చేసింది, 2015ల వచ్చింది. 2019 మే నెలల ఎపిక్ గేమ్స్ ఆ స్టూడియోను కొంటున్నదని తెల్వంగనె గేమ్‌లు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంల నెగెటివ్ రివ్యూలు కుప్పలు పడ్డయి. ఇంకా ఏం మారనేలేదు, ముందే ఎందుకు ఏడుస్తుండ్రు అన్నోళ్లు మస్తుమంది. 2020 మార్చిల మ్యాక్, లినక్స్ కంప్యూటర్ల మీద ఆన్‌లైన్ ఆట బందైంది, అదే ఏడాది సెప్టెంబర్‌ల గేమ్ ఫ్రీ అయింది గాని స్టీమ్‌ల కొత్తోళ్లకు దొరకకుంట పోయింది, 2023 డిసెంబర్‌ల ఆటగాళ్లు ఒకరికొకరు ఐటమ్స్ మార్చుకునే ట్రేడింగ్‌నే తీసేసిండ్రు. మ్యాక్, లినక్స్ వాళ్లకు రీఫండ్ ఇచ్చిండ్రు, ఫ్రీ అయినంక కొత్త ఆటగాళ్లు వచ్చిండ్రు, అది కూడ చెప్పాలె. అయినా ఏండ్ల తరబడి బేరమాడి ఒక్కొక్కటి జమ చేసుకున్న ఐటమ్‌ను దోస్తుకు ఇద్దామంటె ఇయ్యరాకుంటైంది, ఆ రూల్ కొనేటప్పుడు లేదు. 2019ల భయపడ్డోళ్లను తప్పు పట్టుడు మాతోని కాదు.

మైన్‌క్రాఫ్ట్ ఇంకా పెద్దది. 2014ల మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లు పెట్టి ఆ గేమ్ చేసిన మొజాంగ్ కంపెనీని కొన్నది. కొన్నేండ్లకు పాత మొజాంగ్ అకౌంట్లు చెల్లయి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు మారాలె అన్నరు, గడువులు పెంచుకుంట పోయి 2023 సెప్టెంబర్‌ల ఆపేసిండ్రు, అప్పటికి మారనోళ్లు పైసలు పెట్టి కొన్న గేమ్‌ను మల్ల కొనుక్కోవాల్సిందె. చిన్నప్పుడు పెట్టిన మెయిల్ ఐడీ పాస్‌వర్డ్ మర్చిపోయినోళ్లు, ఆ ఈమెయిల్ చూడనోళ్లు ఏం తప్పు చేసిండ్రు?

మొన్న హన్మకొండల డిగ్రీ చదివే ఒక పిల్లగాడు మా ఆఫీసుకొచ్చి ఫోన్ చూపెట్టిండు. గేమ్ ఓపెన్ చేస్తె తెర నిండ ఒక డబ్బా, పైన నిబంధనలు మారినయని ఒక లైను, కింద చీమతలకాయంత అక్షరాలు, అన్నీ ఇంగ్లీషే, వేలితోటి ఎంత జరిపినా అయిపోతలేవు. అట్టడుగుకు ఒకటే బటన్, పసుపు రంగుది, ఒప్పుకుంటున్న అని. మూలకు సన్నగ ఒక ఇంటు గుర్తు ఉన్నది, అది నొక్కితె గేమే మూసుకపోతది. ఒప్పుకోను కాని ఇప్పటిదాంక పెట్టిన పైసల లెక్క చెప్పుండ్రి అనెటందుకు అండ్ల జాగనే లేదు. ఇంటర్‌ల ఉన్నప్పటినుంచి ఫంక్షన్లల్ల క్యాటరింగ్ పనికి పోయి, ప్లేట్లెత్తి, వచ్చిన పైసలతోటి రీడీమ్ కోడ్లు కొని స్కిన్లు, అంటె గేమ్‌ల బొమ్మకు, తుపాకికి వేసే డ్రెస్సులు, రంగులు తీసుకున్న పిల్లగాడు వాడు. అవి ఉంటయా పోతయా అని కంపెనీకి మెయిల్ పెడితె మీ ఫీడ్‌బ్యాక్‌కు థ్యాంక్స్ అని మెషిన్ పంపిన జవాబు వచ్చింది. ఆఖరికి పసుపు బటన్ నొక్కిండు, ఏం జేస్తడు.

పైసల కంటె ఎక్కువది ఇంకోటున్నది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు ఇంటికొకలు గల్ఫ్‌ల ఉంటరు. సెలవు నాడు దుబాయ్ క్యాంపుల ఉన్న అన్న, ఇక్కడ ఇంటర్ చదివే తమ్ముడు, బొంబాయిల పనిచేసే బావ గేమ్‌ల ఒక్క స్క్వాడ్‌ల, అంటె ఒక్క జట్టుల కూడితె అండ్ల ఆట సగమే, మిగతా సగం ఇంటి ముచ్చట్లు, నాయిన మోకాళ్ల నొప్పి, చెల్లె పెండ్లి. ఆటగాళ్లు కూడే అసొంటి జాగను, లాబీని, సర్వర్‌లెక్క మాత్రమే చూసెటోళ్లకు ఈ కోపం ఎక్కడికెంచి వస్తున్నదో ఎన్నటికీ తెల్వది.

పబ్జీ మొబైల్ అప్పుడు మనం చూసినమే. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లను బంద్ పెట్టినప్పుడు అది గూడ పోయింది, అక్టోబర్ 30కి సర్వర్లు ఆగినయి, 2021 జూలైల క్రాఫ్టన్ కంపెనీ బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) పేరుతోటి మన దేశం కోసం వేరే తెచ్చింది, 2022 జూలైల అది గూడ స్టోర్లల్లకెంచి మాయమై 2023 మేల మల్ల వచ్చింది, 18 ఏండ్ల లోపోళ్లకు రోజుకు మూడు గంటలే అని లిమిట్ పెట్టి. దేశ భద్రత కోసం సర్కార్ తీసుకున్న నిర్ణయాన్ని మేం ఇక్కడ తవ్వుతలేం. మాకు అండ్ల కనవడ్డది ఒకటే, పబ్లిషర్ మారినా పాత అకౌంట్‌ల ఉన్న స్కిన్లు కొత్త గేమ్‌లకు తెచ్చుకునే దారి ఆటగాళ్లకు ఇచ్చిండ్రు. అంటె టెక్నికల్‌గ కాదు, మాతోని అయితలేదు అనే సాకు చెల్లదు, మనసు పెడితె అయితది. కాకపోతె దుబాయ్ అన్న పాత గ్లోబల్ గేమ్‌లనే ఉండిపోయిండు, తమ్ముడు ఇండియా గేమ్‌లకు వచ్చిండు, స్క్వాడ్ ఇరిగిపోయింది.

ఓనర్ మారినా మాట నిలవచ్చు అనెటందుకు రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ గేమ్ ఉన్నది. 2012ల ఫైటింగ్ పద్ధతి మొత్తం మార్చేస్తె ఆటగాళ్లు తిరగబడ్డరు, జాగెక్స్ కంపెనీ వాళ్లనే ఓటడిగి 2013ల పాత గేమ్‌ను ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అని మల్ల తెచ్చింది. అప్పటికెంచి గేమ్‌ల పెద్ద మార్పు ఏదన్న రావాలంటె ఆడేటోళ్ల ఓటింగ్ పెడ్తరు, మొదట్ల 75 శాతం ఒప్పుకోవాలె, తర్వాత 70 చేసిండ్రు. ఈ నడుమ ఆ కంపెనీ చేతులు మారుకుంటనే ఉన్నది, 2021ల కార్లైల్ అనే పెట్టుబడి కంపెనీ కొన్నది, 2024ల సీవీసీ అనే ఇంకో పెట్టుబడి కంపెనీ కొన్నది, అయినా ఓటింగ్ పోలేదు. 2025 జనవరిల మెంబర్‌షిప్‌ల యాడ్స్ పెడితె ఎట్లుంటది అని ఒక సర్వే వదిలితె ఆటగాళ్లు భగ్గుమన్నరు, కంపెనీ సారీ చెప్పి వెనక్కి తగ్గింది. రాతపూర్వకంగ, అందరికీ తెలిసేటట్టు ఒక మాట ఉంటె కొత్త ఓనర్ గూడ దాన్ని ముట్టుకునెటందుకు జంకుతడు.

లొల్లి చేసే పిల్లలకు గూడ ఒక మాట. రివ్యూ రాయుండ్రి, రీఛార్జ్ ఆపుండ్రి, 2024 మేల హెల్‌డైవర్స్ 2 ఆటగాళ్లు 2 లక్షల పైన నెగెటివ్ రివ్యూలు పెడితె ఆడాలంటె తమ ప్లేస్టేషన్ అకౌంట్ లింక్ చేయాల్సిందేనన్న రూల్‌ను సోనీ కొన్ని దినాలల్లనె వెనక్కి తీసుకున్నది, అది మీ హక్కు. కాని స్టూడియోల జీతానికి పనిచేసే డెవలపర్‌కు, కమ్యూనిటీ మేనేజర్‌కు ఇంట్ల ఆడోళ్ల మీద బూతులు పెట్టుడు, చంపుతమని మెసేజులు పంపుడు మేం ఒప్పుకోం. కంపెనీ అమ్ముడుపోయేది వాళ్లను అడిగి కాదు, మిమ్ముల అడిగీ కాదు, ఇద్దరిదీ ఒకటే గతి.

ఇగ చట్టం సంగతి. కిరాయికున్న ఇల్లు అమ్ముడుపోతె పాత ఓనర్‌తోటి రాసుకున్న అగ్రిమెంటుకు కొత్త ఓనర్ కట్టుబడాలె, ఇది మనకందరికి తెలిసిందే. గేమ్‌కు అసొంటి రక్షణ లేనే లేదా అంటె ఉన్నది, కాని ఎవ్వలూ వాడుతలేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(46)ల అన్యాయమైన కాంట్రాక్ట్ అంటె ఏందో రాసిండ్రు, వినియోగదారునికి నష్టమయ్యేటట్టు అతన్ని అడగకుండ కాంట్రాక్ట్‌ను ఇంకొకలకు అప్పజెప్పే షరతు గూడ అండ్ల ఉన్నది. ఆ పసుపు బటన్‌కు పైన ఉన్న చిన్నక్షరాలు గిసొంటి షరతులే అని మా అభిప్రాయం. అయితె అన్యాయమైన కాంట్రాక్ట్ మీద కేసు జిల్లా వినియోగదారుల కమిషన్‌ల వేయరాదు, రాష్ట్ర కమిషన్‌కు పోవాలె, అంటె హైదరాబాద్. ఆన్‌లైన్‌ల దాఖలు చేసే సౌకర్యం ఉన్నది గాని రెండు మూడు వేల స్కిన్ల కోసం క్యాటరింగ్ పిల్లగాడు రాష్ట్ర కమిషన్ ముంగట వకీల్‌ను ఎట్ల నిలవెడ్తడు? 2025 ఆగస్టుల వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం పైసలు పందెం కట్టే ఆటలను బంద్ పెట్టింది, ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది, మంచిదే, కాని గేమ్ చేతులు మారితె కొన్నోళ్ల గతేంది అన్న ముచ్చట అండ్ల లేదు.

అందుకే మేం అడిగేది గిది. గేమ్‌ను అమ్మెటోళ్లు, కొనెటోళ్లు ముందుగాల ఆడేటోళ్లకు తెలుగుల, అర్థమయ్యేటట్టు నోటీస్ ఇయ్యాలె, పైసలు పెట్టి కొన్నది ఏదీ పోదని అండ్ల రాయాలె, ఒప్పుకోనోళ్లకు గేమ్‌ల కొని వాడని కరెన్సీ పైసలన్న వాపస్ ఇచ్చే బటన్ ఆ పసుపు బటన్ పక్కకే పెట్టాలె. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఒక్క ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండ తనంతట తానే దీన్ని విచారణకు తీసుకోవచ్చు, తీసుకోవాలె. చిన్న మొత్తాల అన్యాయ కాంట్రాక్ట్ కేసులు వరంగల్ జిల్లా కమిషన్‌లనే వినేటట్టు చట్టం మార్చాలె, ఈ సవరణను మన వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి, నిజామాబాద్ ఎంపీలు పార్టీ చూడకుండ పార్లమెంటుల అడగాలె. అప్పటిదాంక గిట్ల నష్టపోయినోళ్లు రీఛార్జ్ రసీదులు, పాత నిబంధనల స్క్రీన్‌షాట్లు పారేయకుండ్రి, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండ్రి, మాకు గూడ పంపుండ్రి, అచ్చు వేస్తం.