మేనల్లుడు పంపిన అయిదు వాచీల జాబితా

బరంపురంలోని మా చుట్టాల ఫోన్లలో వారం రోజులుగా ఒకే సందేశం తిరుగుతోంది. నాకు అది మేనల్లుడి ద్వారా అందింది, ‘మామయ్యా, నిజమేనా?’ అన్న ప్రశ్నతో సహా. ముప్పై ఏళ్ళు నిండేలోగా అయిదు లగ్జరీ వాచీలు కొనాలట. వాటి ధర బంగారంలా పెరగడమే తప్ప తగ్గదట. ఆటోమేటిక్ వాచీకి సెల్లు ఉండదు కాబట్టి జీవితాంతం ఖర్చే లేదట. వాచీ మీద 30 మీటర్లు అని రాసి ఉంటే గోపాలపూర్ సముద్రంలో ఈదవచ్చట. పాతది నగదు ఇచ్చి కొన్నా, కంపెనీ పెట్టె, వారంటీ కార్డు ఉంటే చాలట, అది అసలుదేనట. వాచీలంటే పడని వాణ్ణయితే నవ్వి ఊరుకునేవాణ్ణి. పొద్దున లేవగానే వాచీకి కీ ఇచ్చుకునే మనిషిని కాబట్టి ఊరుకోలేకపోయాను.

ముందు బంగారం మాట. బంగారానికి రోజూ ఒక రేటు ఉంటుంది. బడాబజారులో గొలుసు ఇస్తే తూస్తారు, తరుగు తీస్తారు, డబ్బు ఇస్తారు. వాచీని తూచి కొనేవాడు లేడు. 18 క్యారట్ల కేసులో, అంటే యంత్రం చుట్టూ ఉండే డొల్లలో, 75 శాతం బంగారం ఉన్నా, మనం కట్టే ధరలో ఆ లోహం విలువ కొంతే. మిగిలినది పనితనం, పేరు, మోజు. మన ఊరి పట్టుచీర సంగతి తెలియదా? నేతగాడి చేతిలోంచి వచ్చినప్పుడు ఎంత ధర పలికినా, రెండుసార్లు కట్టిన తర్వాత అదే దుకాణానికి తీసుకెళితే ఏమంటారో ఎవరినైనా అడగండి.

ధర తగ్గదన్న మాటకు జవాబు కోసం ఎంతో దూరం వెళ్ళనక్కరలేదు. పటెక్ ఫిలిప్ కంపెనీ నాటిలస్ 5711 అనే స్టీలు వాచీని 2021లో నిలిపివేసింది. అంతే, పాత సరుకు అమ్మేవాళ్ళ దగ్గర దాని ధర కంపెనీ ధరకు కొన్ని రెట్లు పలికింది. రోలెక్స్ వాళ్ళ డేటోనాకూ, ఓడెమార్ పిగే వాళ్ళ రాయల్ ఓక్‌కూ అదే వెర్రి పట్టింది. 2022 మొదటి నెలల్లో శిఖరానికి చేరిన ఆ ధరలు తర్వాత దిగడం మొదలుపెట్టి, 2023లోనూ దిగుతూనే పోయాయి. శిఖరం మీద కొన్నవాళ్ళు ఆ సందేశం పంచుకోరు కదా! కంపెనీ ధరకన్నా ఎక్కువకు మళ్ళీ అమ్ముడుపోయేవి కొద్ది మోడళ్ళే, అవి దుకాణంలో అడగగానే దొరకవు కూడా. తక్కిన చాలా వాచీలు కొత్త కార్లలాగే గడప దాటగానే విలువ పోగొట్టుకుంటాయి. పైగా స్విట్జర్లాండ్ ఉన్న ఎఫ్టా అనే యూరప్ దేశాల కూటమితో మన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం దశలవారీగా తగ్గాలి. అలాంటప్పుడు ఇక్కడ ఈనాటి ధరకు కొన్నది రేపు తప్పక పెరుగుతుందని ఏ ధైర్యంతో చెబుతారు?

ఆటోమేటిక్‌కు ఖర్చు లేదన్నది ఇంతకన్నా పెద్ద అబద్ధం. లోపల ఒక బరువు మన చెయ్యి కదిలినప్పుడల్లా తిరిగి స్ప్రింగును బిగిస్తుంది, నిజమే. ఆ స్ప్రింగు నడిపే చక్రాలకు నూనె కావాలి, నూనె ఎండిపోతుంది. గంటకు 28,800 సార్లు కొట్టుకునే యంత్రం రోజుకు 6,91,200 సార్లు కొట్టుకుంటుంది. అందుకే అయిదు నుంచి పదేళ్ళకొకసారి మొత్తం విప్పి, కడిగి, నూనె పెట్టాలి. మంచి స్విస్ వాచీకి ఆ పనికి వేల రూపాయలవుతాయి. స్టాప్‌వాచీ కూడా ఉండే క్రోనోగ్రాఫ్ అయితే ఇంకా ఎక్కువ. అయిదు వాచీలుంటే ఏడాదికో రెండేళ్ళకో ఒకటి మరమ్మతులో ఉంటుంది. చేతికి ఒకటే పెట్టుకుంటాం కాబట్టి మిగిలిన నాలుగూ రెండు మూడు రోజుల్లో ఆగిపోతాయి. బస్సుకు వేళవుతుంటే నిలబడి తారీకు సరిచేసుకోవాలి. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు వరకు చాలా వాచీల్లో ఆ తారీకును కదపనే కూడదు, లోపలి చక్రాల పళ్ళు విరుగుతాయి. ఇంతా చేసి, స్విట్జర్లాండ్‌లో వేళ ఎంత కచ్చితంగా చూపుతుందో చూసే క్రోనోమీటర్ పరీక్ష నెగ్గిన యంత్రానికి కూడా రోజుకు నాలుగు సెకన్లు వెనక్కో, ఆరు సెకన్లు ముందుకో వెళ్ళే వెసులుబాటు ఉంది. సెల్లుతో నడిచే చవక వాచీ నెలకు పదిహేను సెకన్లకు అటూ ఇటూ ఉంటుంది. అయినా నాకు సెల్లు లేనిదే ఇష్టం, అది వేరే విషయం.

30 మీటర్లంటే చేతులు కడుక్కోవడానికి, వాన చినుకులకు. ఈతకు కనీసం 100 మీటర్లు చూసుకోవాలి. సముద్రంలోంచి వచ్చాక మంచినీళ్ళతో కడగాలి.

నగదు సంగతి: ఒకే అమ్మకానికి రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం 2017 ఏప్రిల్ నుంచి చట్టవిరుద్ధం. తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా. అలా అడిగే దుకాణం నుంచి లేచి వచ్చేయడమే.

మరి అయిదు వాచీల పథకం? ముస్తాబుకొకటి, ఈతకొకటి, ప్రయాణానికొకటి అని ముందే గళ్ళు గీసి నింపడం సంతలో కూరల జాబితా రాసినట్టుంది. మేనల్లుడికి నేను చెప్పింది ఇది: స్టీలుది, 100 మీటర్లది, నీ మణికట్టు దాటి బయటికి రానిది ఒక్కటి కొను. పోయినా ఇల్లు గడిచే డబ్బుతోనే కొను. సర్వీసుకు నెలనెలా కొంత విడిగా పెట్టు. ఏడాది పెట్టుకున్నాక కూడా అది చెయ్యలేని పని ఏదైనా మిగిలి ఉంటే అప్పుడు రెండోదాని గురించి ఆలోచిద్దాం. తోలు స్ట్రాప్ మాత్రం వద్దు, మన తీరపు చెమటకు రెండు వేసవులు ఆగదు.

పెట్టె, కార్డు గురించి నా అనుభవమే చెబుతాను. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా అటక కారింది. నా వాచీ పెట్టె, వారంటీ కార్డు ముద్దయిపోయాయి. వాచీ చేతికి ఉంది కాబట్టి మిగిలింది. కాగితం లేనంత మాత్రాన అది నకిలీ అయిపోలేదు. అలాగే నకిలీ చేసేవాడికి పెట్టె, కార్డు అచ్చు వేయించడం ఏపాటి పని? తెలిసిన పనివాడి చేత వెనక మూత తీయించి, లోపలి యంత్రాన్నీ, కేసు మీది సంఖ్యనూ చూడాలి. మూత తీయనివ్వనంటే బేరం అక్కడితో ఆపాలి.