గాజు సైజు చూసి అయాన్‌ని పట్టలేం

"12-క్రౌన్-4 లిథియానికి, 15-క్రౌన్-5 సోడియానికి, 18-క్రౌన్-6 పొటాషియానికి. కన్నం సైజు అయాన్‌కి సరిపోతే చాలు, రిసెప్టర్ డిజైన్ అంటే అంతే. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత మంచిది." కెమిస్ట్రీ నోట్సుల్లో, వీడియోల్లో అందరూ ఇదే అప్పజెబుతున్నారు. ఈ క్రౌన్లు, అంటే క్రౌన్ ఈథర్లు, మధ్య కన్నంలో లోహ అయాన్‌ని పట్టుకునే వలయాకార అణువులు (పేరులో ముందున్న అంకె పెద్దదైతే వలయమూ పెద్దది); అలా పట్టుకునే అణువునే రిసెప్టర్ అంటారు. 1967లో రసాయన శాస్త్రవేత్త చార్లెస్ పెడర్సన్ క్రౌన్ ఈథర్లను ప్రకటించినప్పుడు కన్నం సైజు మాట తొలి అంచనాగా సబబే. దాన్నే సూత్రం చేసి కూర్చోవడంతోనే నాకు పేచీ.

ముందు "సోడియానికి 15-క్రౌన్-5" సంగతి. మెథనాల్‌లో సోడియంతో దాని బంధన స్థిరాంకం (పట్టు బలానికి కొలత) లాగ్ విలువ సుమారు 3.2; ఈ లాగ్ విలువ ఒకటి పెరిగితే పట్టు పది రెట్లు పెరిగినట్టు. "పొటాషియం వలయం" అంటున్న 18-క్రౌన్-6కి అదే సోడియంతో 4.3, అంటే పది రెట్లకు పైగా గట్టి పట్టు. పైగా 15-క్రౌన్-5 కూడా సోడియం కన్నా పొటాషియం వైపే కాస్త మొగ్గుతుంది. ఇవన్నీ 1980ల నుంచీ అచ్చులో ఉన్న అంకెలే.

ఇక కన్నం. గాజుల కొట్లో రెండూ-నాలుగు, రెండూ-ఆరు అని సైజు చెప్పి కొంటాం, ఎందుకంటే గాజు వంగదు. 18-క్రౌన్-6 అలాంటిది కాదు, ఖాళీగా ఉన్నప్పుడు దాని స్ఫటికంలో రెండు మిథిలీన్ (CH2) గుంపులు లోపలికి తిరిగి ఆ కన్నాన్నే మూసేస్తాయి, అయాన్ వచ్చాకే వలయం సర్దుకుని తెరుచుకుంటుంది.

అసలు విషయం ద్రావణి, అంటే ఇవి కరిగి ఉన్న ద్రవం. అదే వలయం, అదే పొటాషియం, మెథనాల్‌లో లాగ్ విలువ 6, నీళ్లలో మాత్రం 2. కన్నం మారలేదు కదా, మరి పట్టు పదివేల రెట్లు ఎందుకు పడిపోయింది? అయాన్‌ని చుట్టుకున్న నీటి అణువులను వదిలించడానికి ఖర్చవుతుంది, చిన్నదైన సోడియం దగ్గర ఆ ఖర్చు ఇంకా ఎక్కువ. ద్రావణి లేని వాయుస్థితిలో చూస్తే 18-క్రౌన్-6 పొటాషియం కన్నా సోడియాన్నే గట్టిగా పట్టుకుంటుంది! సైజు సూత్రం ఒక్కటే నమ్ముకున్నవాళ్లు దీనికేం చెబుతారో.

చివరిది, "ఎంత గట్టిగా అయితే అంత మంచిది". అయాన్‌ని వడకట్టి తీసేయాలంటే సరే. రక్తంలో సోడియం కొలిచే సెన్సర్‌కి మాత్రం అది పనికిరాదు. అక్కడ సోడియం లీటరుకు 140 మిల్లీమోల్స్ దాకా ఉంటుంది, గట్టిగా పట్టే రిసెప్టర్ ఎప్పుడూ నిండిపోయే ఉంటుంది, ఇక హెచ్చుతగ్గులు ఏం చూపిస్తుంది? దానికి పట్టు బలహీనంగానే కావాలి. పొటాషియం సెన్సర్‌ది ఇంకో తలనొప్పి, 4 మిల్లీమోల్స్ పొటాషియాన్ని దానికి ముప్పై అయిదు రెట్లున్న సోడియం మధ్యలోంచి ఏరాలి.