16 గంటల మొహమాటం

దూరాభారపు విమాన ప్రయాణాల్లో ఆరోగ్యం ఎలా కాపాడుకోవాలో వైద్యులు చాలా రాశారు. ఎందుచేతనో అసలు రోగాన్ని మాత్రం వదిలేశారు. దాని పేరు మొహమాటం. గాలిలో వ్యాపించదు, నీటిలో కలవదు. మనకు ఉగ్గుపాలతోనే అబ్బి, 35,000 అడుగుల ఎత్తున ముదురుతుంది.

అమ్మాయి పురిటికని మా ఆవిడ, ఆవిడ సామానులో భాగంగా నేను డాలస్ బయలుదేరాం. శంషాబాద్‌లో ఎక్కి, గల్ఫ్‌లో విమానం మారితే, అక్కడి నుంచి ఏకబిగిన 16 గంటలు. కిటికీ పక్క నేను, మధ్యలో మా ఆవిడ, దారి పక్క సీట్లో తల మీది నుంచి దుప్పటి ముసుగు తన్నిన ఒక కుర్రవాడు. "గంటకోసారి లేచి నడవండి నాన్నా, నీళ్ళు తాగుతూ ఉండండి" అని అమ్మాయి ఫోనులో పదిసార్లు చెప్పింది. మంచి మాటే. కానీ నీళ్ళు తాగితే లేవాలి. లేవాలంటే అతణ్ణి లేపాలి. నిద్రపోతున్న పరాయి బిడ్డను లేపడానికి చేతులెలా వస్తాయి? ఇద్దరం ఆలోచించి, నీళ్ళు మానేశాం.

పైగా మంచినీళ్ళు తెచ్చిన అమ్మాయికి అలవాటు కొద్దీ "వద్దమ్మా" అన్నాను. మన ఇళ్ళలో మొదటి "వద్దు"కు అర్థం, ఇంకోసారి అడగమని. ఈ సంగతి విమాన సిబ్బందికి ఎవరూ నేర్పినట్టు లేదు. ఆమె నవ్వి వెళ్ళిపోయింది. మళ్ళీ పిలవడానికి తల మీద మీట ఉంది కానీ, అంత చిన్న పనికి మీట నొక్కడం ఏం మర్యాద?

మా త్యాగం విలువ తెలియాలంటే కొంత శాస్త్రం తప్పదు. విమానం లోపలి గాలిలో తేమ సాధారణంగా 20 శాతం దాటదు. వడియాలు ఎండబెట్టడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. లోపలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది, అంటే ఇంచుమించు ఊటీ. ఆ ఎత్తున పొట్టలోని వాయువు పావు వంతు నుంచి మూడో వంతు దాకా వ్యాకోచిస్తుంది. ఇల్లు తాళం వేసే ముందు, మిగిలిపోతుందని శనగపప్పు కూరంతా తిని వచ్చిన వాడికి ఈ సూత్రం వేరే చెప్పనక్కరలేదు. అది కూడా మొహమాటంతోనే ఆపుకున్నాను.

ఇక కాళ్ళు. పిక్కల కండరాలు కదిలితేనే కింది రక్తం సులువుగా గుండె వైపు ఎక్కుతుంది. 4 గంటలకు మించి కదలకుండా కూర్చుంటే సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. అయినా అది సుమారు 6,000 మందిలో ఒకరికేనట. మిగతా 5,999 మందిలో నేనూ ఉన్నానని తీర్మానించుకుని పిక్కలకు విశ్రాంతి ఇచ్చాను. ఎదుటి తెర మీద ఒకమ్మాయి చిరునవ్వుతో పాదాలు గుండ్రంగా తిప్పి చూపించింది. ఆమె కుర్చీ ముందు ఇంకో కుర్చీ లేదు.

నా ముందు ఉంది. అందులోని పెద్దమనిషికి మొహమాటం జబ్బు బొత్తిగా లేదు. భోజనం పళ్ళెం వచ్చిన క్షణంలోనే వెనక్కి వాలాడు. పప్పులో ముక్కు మునగకుండా మెడ పక్కకు తిప్పి తిన్నాను. నేనూ వాలవచ్చు. కానీ నా వెనక ఎవరో ముసలాయన, పాపం. నన్ను చూసి ఆయనా నిటారుగానే కూర్చున్నట్టున్నాడు.

విమాన సంస్థలకు మన సంగతి బాగా తెలుసు. బోయింగ్ 777 విమానం 1995లో ప్రయాణికులను ఎక్కించుకోవడం మొదలుపెట్టినప్పుడు చౌక తరగతిలో వరుసకు 9 సీట్లు మామూలు. ఇప్పుడు చాలా సంస్థలు 10 వేస్తున్నాయి. విమానం ఒక్క అంగుళం వెడల్పు పెరగలేదు. ఆ పదో సీటు మన మొహమాటం మీదే బిగించారు. మోచేయి పెట్టుకునే పట్టీ ఇద్దరికి ఒకటే కదా, దాన్ని ఇద్దరూ వదిలేసుకుంటే చోటే చోటు.

డాలస్ దగ్గర పడుతుండగా బూట్లు తొడుక్కోబోయాను. కుడి పాదం బూరెలా పొంగింది. మడమ లోపలికి పోనంది. నేను వంగలేక, లేవలేక గింజుకుంటుంటే దుప్పటి కదిలింది.

"అంకుల్, నేను తొడగనా?"

అచ్చ తెలుగు! ఏ ఊరు బాబూ అంటే తెనాలి అన్నాడు. ఇంతసేపూ భలే నిద్రపోయావే అన్నాను.

"నిద్రెక్కడిదండీ, ఎక్కినప్పటి నుంచీ మెలకువగానే ఉన్నాను. కాసేపు లేచి తిరుగుదామనుకున్నా, ముసుగు తీస్తే..." అని మా ఆవిడ వైపు చూసి నసిగాడు.

"తీస్తే?" అన్నాను.

"మాట్లాడకపోతే బాగుండదు కదండీ. మొహమాటం."

మా ఆవిడ అప్పటికే పూర్తిగా అటు తిరిగింది.

"పెళ్ళయిందా బాబూ?"